పక్క అద్దంలో ఆ లారీ ఎంత దూరంలో ఉంది?

మంగళగిరి దాటి కాజా టోల్‌గేట్ వైపు వెళ్తున్నాను. నేను కారు నేర్చుకుని అప్పటికి ఏడాదిన్నర. ముందు ఒక ట్రాక్టర్ వరిగడ్డి వేసుకుని మెల్లగా పోతోంది. దాన్ని దాటాలని కుడి అద్దంలోకి చూశాను. ఒక లారీ కనిపించింది, అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. చాలా దూరంలో ఉందిలే అనుకుని ఇండికేటర్ వేసి కుడికి తిప్పాను. సగం లేన్ మారానో లేదో, చెవి పక్కనే హారన్. మళ్ళీ ఎడమకి లాగేశాను. ఆ లారీ డ్రైవర్ గట్టిగా బ్రేక్ తొక్కాడు కాబట్టి సరిపోయింది. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది, అప్పుడు తనకి నాలుగేళ్ళు. టోల్‌గేట్ దాటాక బండి పక్కన ఆపి పావుగంట అలాగే కూర్చున్నాను. చేతులు వణుకు తగ్గలేదు.

అద్దం చూడకుండా తిప్పి ఉంటే అది వేరే సంగతి. నేను చూశాను, చూసే తిప్పాను. కనిపించినదాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాను. అద్దం చూడమని నాకు నేర్పినాయన వందసార్లు చెప్పారు. చూశాక దూరం ఎలా అంచనా వేయాలో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు నేను విజయవాడలో పదకొండేళ్ళుగా ఆడవాళ్ళకి కారు నేర్పిస్తున్నాను. పోరంకి అవతల ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్ ఒకటుంది, అదే మా గ్రౌండ్. క్లచ్, గేర్లు వచ్చాక, రోడ్డు ఎక్కించే ముందు ఒక పూటంతా అద్దాలకే కేటాయిస్తాను. ఆ పూట ఏం చేయిస్తానో ఇక్కడ రాస్తున్నాను. కారున్నవాళ్ళు, స్కూటీ నడిపేవాళ్ళు ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

ముందు వంటింట్లో

ఒక కొత్త స్టీలు గరిటె తీసుకోండి. వెనకవైపు, అంటే ఉబ్బుగా ఉన్న వైపు, మొహానికి ఎదురుగా పెట్టుకోండి. మీ మొహం చిన్నగా, నిటారుగా కనిపిస్తుంది. దాంతోపాటు మీ వెనకున్న కిటికీ, స్టవ్, ఫ్రిజ్, తలుపు, వంటిల్లు మొత్తం ఆ చిన్న జాగాలో ఇమిడిపోయి కనిపిస్తుంది. కారు పక్క అద్దం చేసేది ఇదే. ఎక్కువ మేర చూపించాలి, చోటేమో అంతే ఉంది, అందుకని ప్రతిదాన్నీ కుదిస్తుంది. పుస్తకాల్లో దీన్ని కుంభాకార దర్పణం అంటారు. నేను ఉబ్బు అద్దం అంటాను, మా వాళ్ళకి అదే గుర్తుంటుంది.

గరిటె లోపలివైపు తిప్పితే మొహం తలకిందులవుతుంది. అది పుటాకారం. బ్యూటీ పార్లర్లో మొహం పెద్దగా చూపించే అద్దం ఆ రకమే, బాగా దగ్గరికి వెళ్తేనే నిటారుగా కనిపిస్తుంది. వెనక వచ్చే బండిని చూడటానికి అది పనికిరాదు, దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

ఇప్పుడు బాత్‌రూమ్ అద్దం ముందుకి వెళ్ళండి. అది చదునుగా ఉంటుంది. ఒక కన్ను మూసుకుని, అద్దం మీద మీ మొహం ఎంతవరకు కనిపిస్తోందో సబ్బు ముక్కతో చుట్టూ గీయండి. గీత పూర్తయ్యాక టేపుతో కొలవండి. మీ మొహం పొడవులో సరిగ్గా సగం ఉంటుంది. చెయ్యి అందేంత మేర వెనక్కి జరిగి మళ్ళీ గీసినా అంతే. మొదటిసారి చేసినప్పుడు నేనూ నమ్మలేదు, మూడుసార్లు కొలిచాను.

ఇది ఎందుకు చేయిస్తానంటే, అద్దం మీద సగమే ఉన్న మొహాన్ని మనం ఏ రోజూ సగం మొహంగా చూడలేదు. అద్దానికి మనం ఎంత ముందు ఉంటే మన బొమ్మ అద్దం వెనక అంతే దూరంలో ఉంటుంది. మీటరు దూరంలో నిలబడితే మీకూ మీ బొమ్మకీ మధ్య రెండు మీటర్లు. మన మెదడు ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకుని, ఇది నా మొహమే, ఇంత పెద్దదే అని సరిచేసి చూపిస్తుంది. పుట్టినప్పటి నుంచీ చదును అద్దాలతో మన కంటికి ఉన్న అలవాటు ఇది. చిన్నగా కనిపిస్తే దూరంగా ఉన్నట్టు, పెద్దగా కనిపిస్తే దగ్గరగా ఉన్నట్టు.

ఉబ్బు అద్దం దగ్గర ఈ అలవాటే మన మీదికి తెస్తుంది. దగ్గరున్న లారీని అది కుదించి చూపిస్తుంది. కంటికి చిన్నగా కనిపించింది కాబట్టి దూరంగా ఉందని మెదడు తేల్చేస్తుంది. అద్దం అబద్ధం చెప్పడం లేదు, దాన్ని చదివే పద్ధతే వేరు.

మీ బండికి ఏ అద్దం ఎలాంటిది

మన దగ్గర కార్లలో లోపల ముందు అద్దానికి అతికించి ఉండే మధ్య అద్దం మామూలుగా చదును. బయట రెండు పక్కల ఉండేవి ఉబ్బు. చాలా కార్ల పక్క అద్దం కిందే చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఒక మాట చెక్కి ఉంటుంది, అద్దంలో కనిపించేవి కనిపించేదానికన్నా దగ్గరగా ఉన్నాయని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది రెండుమూడేళ్ళుగా ఇంట్లో ఉన్న కారు మీద ఆ మాటని ఒక్కసారి కూడా చదివి ఉండరు. ఎంత దగ్గర అనేది అక్కడ రాయలేదు. అది మనం తెలుసుకోవాలి.

పిల్లల జామెట్రీ బాక్స్‌లోని 15 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. వంగనిది కావాలి. అద్దం తుడిచి, స్కేలుని అంచు మీద నిలబెట్టినట్టుగా అడ్డంగా ఆనించండి, గీతలు పడకుండా మెత్తగా. మధ్య అద్దం మీదైతే కొస నుంచి కొసకి అతుక్కుంటుంది, వెలుతురు దూరే సందు కూడా ఉండదు. పక్క అద్దం మీద పెడితే మధ్యలో తగిలి, రెండు కొసలూ గాల్లో ఉంటాయి. ఇటు నొక్కితే అటు లేస్తుంది. ఆ రెండు కొసల దగ్గరా సందు సమానంగా వచ్చేలా పట్టుకుని, అందులో ఏటీఎం కార్డులు దూర్చి చూడండి. ఒక కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. నా కారుకి రెండు వైపులా మూడేసి కార్డులు సరిగ్గా పట్టాయి, అంటే దాదాపు 2.3 మిల్లీమీటర్లు.

ఇంతకుముందు ఈ లెక్క నాకు తెలియదు. మా అమ్మాయి పదో తరగతిలో కాంతి పాఠం చదివేటప్పుడు ఇద్దరం కలిసి చేశాం. స్కేలులో సగం 75 మిల్లీమీటర్లు. దాన్ని దానితోనే గుణించి, సందుకి రెట్టింపుతో భాగిస్తే అద్దం ఎంత పెద్ద గోళంలోంచి కోసిన ముక్కో వస్తుంది. నా అద్దానికి సుమారు 1200 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే 1.2 మీటర్ల వ్యాసార్థం. అందులో సగం, 60 సెంటీమీటర్లు, దాని నాభ్యంతరం, అంటే బండి ఎంత దూరంలో ఉన్నా దాని బొమ్మ అద్దం లోపల అంతకన్నా వెనక్కి పోదు. సందు ఎక్కువ వస్తే అద్దం ఎక్కువ ఉబ్బు, బండ్లు ఇంకా చిన్నగా కనిపిస్తాయి.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అక్కడి నిబంధన ప్రకారం డ్రైవర్ వైపు అద్దం చదునుగానే ఉండాలి. అవతల, పక్క సీటు వైపు అద్దం ఉబ్బుగా ఉండొచ్చు, దాని వ్యాసార్థం 889 నుంచి 1651 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, దాని మీద ఆ హెచ్చరిక రాసి ఉండాలి. అంటే అక్కడ పదేళ్ళు నడిపినవాళ్ళకి తమ పక్కనున్న అద్దాన్ని నమ్మడం అలవాటు. సెలవులకి ఇక్కడికొచ్చి కారు తీస్తే తమ పక్కనున్నదీ ఉబ్బు అద్దమే. మా చిన్నాన్న కొడుకు డాలస్ నుంచి వచ్చినప్పుడు గుంటూరు రోడ్డు మీద వాడి పక్కన కూర్చున్నాను. కుడి అద్దం ఒక్కటే చూసి లేన్ మారబోయాడు. "తమ్ముడూ, ఆగు, మధ్య అద్దం చూడు" అని నేను అనేసరికి బస్సు మా వెనక చక్రం పక్కకి వచ్చేసింది. వాడు మంచి డ్రైవరే. కన్ను వేరే అద్దానికి అలవాటు పడింది, అంతే.

లెక్క ఒక్కసారి చూడండి

వెనక 20 మీటర్ల దూరంలో ఒక కారు ఉందనుకుందాం. మీ కంటికీ కుడి అద్దానికీ మధ్య సుమారు 70 సెంటీమీటర్లు. 1.2 మీటర్ల ఉబ్బు ఉన్న అద్దంలో ఆ కారు, చదును అద్దంలో 43 మీటర్ల దూరంలో ఉన్న కారు ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. సగం కన్నా చిన్నగా.

ఇప్పుడు ఎడమ అద్దం. అదే ఉబ్బు, అదే కంపెనీ అద్దం. కానీ మీరు కుడివైపు కూర్చున్నారు కాబట్టి అది మీ కంటికి దాదాపు 1.3 మీటర్ల దూరంలో ఉంటుంది. ఉబ్బు అద్దం లోపల బొమ్మ అద్దానికి దగ్గర్లోనే, అరవై సెంటీమీటర్ల లోపే ఉంటుంది. అందుకని అద్దం కంటికి దూరమైన కొద్దీ ఆ బొమ్మ ఇంకా చిన్నదైపోతుంది. 20 మీటర్లలో ఉన్న అదే కారు ఎడమ అద్దంలో 63 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. మూడో వంతు అన్నమాట. చదును అద్దంలో ఈ గొడవ లేదు, కంటికి అరమీటరు అటైనా ఇటైనా 20 మీటర్ల బండి విషయంలో తేడా తెలియదు.

రెండు పక్క అద్దాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకేలా చూపిస్తాయని నేను కూడా చాలా ఏళ్ళు అనుకున్నాను. ఎడమకి మారేటప్పుడు, ఎడమకి తిరిగేటప్పుడు బైకులు తగలడానికి ఇదొక కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది. బైకు అసలే సన్నం. దాన్ని మూడో వంతుకి కుదిస్తే ఇక ఏం మిగులుతుంది?

మీటర్లని సెకన్లలోకి మారిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మీరు 50లో వెళ్తున్నారు, వెనక కారు 80లో వస్తోంది. తేడా గంటకి 30 కిలోమీటర్లు, అంటే సెకనుకి 8 మీటర్ల పైన. 20 మీటర్లు కరిగిపోవడానికి రెండున్నర సెకన్లు చాలు. కుడి అద్దం చూసి 43 మీటర్లు ఉందనుకుంటే ఐదు సెకన్లు ఉన్నాయనుకుంటారు. ఎడమ అద్దం చూస్తే ఏడున్నర. కంగారు లేకుండా లేన్ మారడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. కాజా దగ్గర నాకు జరిగింది ఈ లెక్కే.

గ్రౌండ్‌లో చేయించేది

దీనికి కావలసినవి ఒక టేపు, నాలుగు ఇటుకలు, ఒక స్కూటీ, సాయానికి ఒక మనిషి. టేపు లేకపోతే అడుగులతో కొలవండి, ముందు ఇంట్లో మీ అడుగు ఎంతో కొలుచుకుని.

ముందుగా సీటు సర్దుకుని కూర్చోండి. అద్దాలు తర్వాత. కంటికీ అద్దానికీ మధ్య దూరం మారితే బొమ్మ సైజు మారుతుందని చూశాం కదా, సీటు వెనక్కి జరిపితే మీ లెక్కంతా మారుతుంది. ఇంట్లో మీరూ మీవారూ ఒకే కారు నడుపుతుంటే ఈ అభ్యాసం ఎవరి సీటు వాళ్ళు వేసుకుని చేయాలి. పక్క అద్దాల్లో మీ కారు పక్క భాగం సన్నని అంచులా కనిపిస్తే చాలు. రోడ్డూ ఆకాశం కలిసే గీత అద్దం మధ్యకి రావాలి. మధ్య అద్దంలో వెనక అద్దం మొత్తం కనిపించాలి. వెనక సీట్లో సంచులు, హెడ్‌రెస్ట్ మీద తువ్వాలు, వెనక అద్దానికి వేలాడే బొమ్మలు తీసేయండి. మనకి దూరం సరిగ్గా చెప్పే అద్దం ఒక్కటే ఉంది, దాన్ని మూసేసుకుంటే ఎలా?

కారు వెనక అంచు నుంచి 10, 20, 30, 40 మీటర్ల దగ్గర ఒక్కో ఇటుక పెట్టండి. వరస కారుకి కొంచెం కుడివైపుకి, పక్క లేన్‌లో బండి వచ్చే చోట ఉండాలి. సాయం మనిషి స్కూటీని 40 దగ్గర నిలబెడతారు. మీరు మధ్య అద్దంలో చూడండి, తర్వాత కుడి అద్దంలో, మళ్ళీ మధ్య అద్దంలో. మాట్లాడకుండా నిమిషం సేపు అలా మార్చి మార్చి చూడండి. ఒకే స్కూటీ రెండు సైజుల్లో కనిపించడం మీ కంటికి అప్పుడు తగులుతుంది. తర్వాత 30కి తెప్పించండి, తర్వాత 20కి, 10కి. ఎడమవైపు మళ్ళీ మొత్తం చేయండి.

రెండో విడతలో మీరు కళ్ళు మూసుకోండి. సాయం మనిషి స్కూటీని తనకి నచ్చిన చోట పెడతారు. కళ్ళు తెరిచి పక్క అద్దం ఒక్కటే చూసి ఎన్ని మీటర్లో పైకి చెప్పండి. మనసులో అనుకుంటే సరిపోదు. నోటితో చెప్పిన అంకెనే మనం తర్వాత సర్దుకోకుండా ఉంటాం. దిగి వెళ్ళి ఇటుకల పక్కన చూసుకోండి.

ఒక వదిన ఉండేవారు, బ్యాంకులో పనిచేసేవారు, లెక్కల్లో బాగా గట్టి. మొదటిసారి కుడి అద్దం చూసి "యాభై ఉంటుంది మేడం" అన్నారు. దిగి చూస్తే 22. ఆవిడ ఇటుక దగ్గర నిలబడి కారు వైపు ఒకసారి, ఇటుక వైపు ఒకసారి చూసి, "రోజూ నేను రోడ్డు మీద ఇలాగే అనుకుంటున్నానా?" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది. ఆ తర్వాత వారం రోజులు ఆవిడ ఆఫీసు పార్కింగులో కూర్చుని వెనకొచ్చే ప్రతి బండికీ అంకె చెప్పుకున్నారట.

పది పదిహేను సార్లు చేశాక కన్ను సర్దుకోవడం మొదలవుతుంది. కుడి అద్దంలో కనిపించినదాన్ని సగం చేసుకో, ఎడమ అద్దంలోదాన్ని మూడో వంతు చేసుకో, అని నేను చెప్పే మాట ఇటుకల దగ్గర చూస్తేనే ఎక్కుతుంది.

రోడ్డు మీద

బండి ఉందా లేదా అన్నది పక్క అద్దం చెబుతుంది. మధ్య అద్దం ఎంత దూరమో చెబుతుంది. ఈ రెండూ రెండు ప్రశ్నలు, ఒకే అద్దాన్ని రెండూ అడగకండి.

కుడికి మారాలంటే ముందు మధ్య అద్దంలో వెనక బండి సైజు చూడండి. తర్వాత కుడి అద్దంలో అది ఏ లేన్‌లో ఉందో చూడండి. ఇండికేటర్ వేయండి. మనసులో ఒకటి, రెండు అనుకుని మళ్ళీ చూడండి. ఆ రెండు చూపుల మధ్య బండి పెద్దదైందంటే అది మీకన్నా వేగంగా వస్తోంది. వెళ్ళనివ్వండి. సైజు అలాగే ఉంటేనో తగ్గితేనో మారొచ్చు. చివరగా భుజం మీదుగా ఒక చిన్న చూపు, ఎందుకంటే ఏ అద్దానికీ అందని జాగా ఒకటి మీ పక్కనే ఉంటుంది.

రెండుసార్లు చూడటం ఎందుకంటే, ఉబ్బు అద్దంలో దూరంగా ఉన్న బండి చాలాసేపు పెరిగినట్టే ఉండదు. చిన్న చుక్క చుక్కగానే ఉంటుంది. దగ్గరికొచ్చాక ఒక్కసారిగా ఉబ్బినట్టు పెద్దదైపోతుంది. ఒక్క చూపులో వేగం తెలియదు.

ముందున్న బండిని దాటాక మళ్ళీ ఎడమకి రావాలంటే ఎడమ అద్దం మీద ఆధారపడకండి. దాటిన బండి రెండు హెడ్‌లైట్లూ, దాని ముందు కాస్త రోడ్డూ మధ్య అద్దంలో కనిపించేవరకు అదే లేన్‌లో ఉండండి. నేను నేర్పినవాళ్ళందరికీ ఇది ఒక్కటి మాత్రం పరీక్ష పెట్టినట్టు అడుగుతాను.

వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీ సామాను అద్దం దాకా నింపుకుని పెళ్ళికి బయల్దేరినప్పుడు మధ్య అద్దం పనిచేయదు. ఆ రోజు మీకు దూరం చెప్పేవాళ్ళు లేరని గుర్తుపెట్టుకుని, లేన్ మారడం తగ్గించండి. పక్క అద్దంలో బండి ఖాళీగా కనిపించే రోడ్డుకి చివర ఎక్కడో ఉంటేనే కదలండి.

స్కూటీ, బైకు నడిపేవాళ్ళకి

మీ రెండు అద్దాలూ చాలా బండ్లకి ఉబ్బువే. మధ్య అద్దం లేదు. ఏటీఎం కార్డు పరీక్ష చేసుకోండి, గుండ్రటి చిన్న అద్దం అయితే సగం స్కేలుతో. మీకున్న చదును అద్దం మీ మెడే. అద్దంలో ఒకసారి చూసి, తిరిగే ముందు తల తిప్పి కళ్ళతో నేరుగా చూడండి. హెల్మెట్ పెట్టుకుంటే ఇంకొంచెం ఎక్కువ తిప్పాలి. చలానా పడుతుందని అద్దాలు పెట్టించి, తమ మొహమూ ఆకాశమూ కనిపించేలా వదిలేసేవాళ్ళని రోజూ బెంజ్ సర్కిల్ దగ్గర చూస్తాను. బాధేస్తుంది. అద్దంలో మీ మోచేయి అంచు కొంచెం కనిపించి, మిగిలినదంతా వెనక రోడ్డు అయ్యేలా తిప్పుకోండి.

రాత్రి

రాత్రి బండి ఆకారం కనిపించదు. దీపాలే. రెండు హెడ్‌లైట్ల మధ్య ఎడం చూసి దూరం అనుకుంటాం, ఉబ్బు అద్దం ఆ ఎడాన్నీ కుదించేస్తుంది. దగ్గర్లో ఉన్న కారు దూరంగా ఉన్న కారులా ఉంటుంది. ఇంకా ప్రమాదమైంది ఒంటి దీపం. అది బైకే అని అనుకోవద్దు. ఒక లైటు పోయిన లారీలు మన రోడ్ల మీద తక్కువేం లేవు. ఒక్క దీపం కనిపిస్తే అది ఎంత వెడల్పైన బండో తెలియదు కాబట్టి పెద్దదే అనుకుని చోటివ్వండి.

మధ్య అద్దం కింద చిన్న మీట ఉంటుంది, వెనక వెలుగు కళ్ళలో కొడితే దాన్ని తిప్పుతాం. అప్పుడు వెనక పూత నుంచి కాకుండా గాజు పైపొర నుంచి తిరిగొచ్చిన కొద్దిపాటి వెలుగే కంటికి చేరుతుంది. బండి సైజు మారదు, వెలుగే తగ్గుతుంది. మసకగా ఉంది కాబట్టి దూరంగా ఉందని కన్ను పొరబడుతుంది, జాగ్రత్త.

నలభై అయిదు దాటి, దగ్గరివి చదవడానికి కళ్ళజోడు వాడేవాళ్ళలో కొందరు పక్క అద్దం మసకగా ఉందని నాతో అన్నారు. అద్దం తుడిచినా పోదు. ఉబ్బు అద్దంలో బొమ్మ కంటికి నిజంగా రెండు మీటర్ల లోపే తయారవుతుంది, కన్ను రోడ్డు దూరం నుంచి ఆ దగ్గరికి సర్దుకోవాలి. వయసుతో ఆ సర్దుబాటు తగ్గుతుంది. కళ్ళ డాక్టర్‌కి డ్రైవింగ్ చేస్తానని చెప్పి చూపించుకోండి.

అతికించే చిన్న గుండ్రటి అద్దాలు, మలుపుల్లో పెద్దవి

పక్క అద్దం మూలలో అతికించే రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద గుండ్రటి అద్దాలు బాగా ఉబ్బుగా ఉంటాయి. కనిపించని జాగాలో బండి ఉందా లేదా చూడటానికి మంచివే. దూరానికి వాటిని అసలు చూడకండి. రివర్స్ కెమెరా కూడా వెడల్పుగా చూపించడం కోసం కుదించేదే, వెనక స్తంభం స్క్రీన్ మీద ఉన్నదానికన్నా దగ్గరగా ఉంటుంది. స్క్రీన్ మీది రంగు గీతలు మీ బండికి ఎక్కడ ఆగమంటున్నాయో ఒకసారి ఇటుక పెట్టి చూసుకోండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మలుపులో, ఘాట్ రోడ్డు వంపుల్లో పెట్టే పెద్ద గుండ్రటి అద్దాలది ఇంకో సంగతి. అవి మీ కంటికి పది మీటర్ల దూరంలో ఉంటాయి. ఎడమ అద్దం దగ్గర చెప్పినట్టే, ఉబ్బు అద్దం కంటికి దూరమైతే బొమ్మ బాగా చిన్నది. అందులో బండి చీమంత కనిపించినా మలుపు అవతలే ఉందనుకోండి. పైగా కుడి ఎడమలు మారి కనిపిస్తాయి. అద్దంలో ఏదైనా కదిలితే ఆగండి, హారన్ కొట్టండి, అది బయటకొచ్చాక కదలండి. ఎంత దూరంలో ఉందో లెక్క వేసే పని అక్కడ పెట్టుకోవద్దు.

పోయిన నెల ఆ బ్యాంకు వదిన చెల్లెల్ని నా దగ్గర చేర్పించారు. ఇటుకలు పెట్టి, కళ్ళు మూసుకోమని, స్కూటీ నేనే జరిపాను. ఆ అమ్మాయి కళ్ళు తెరిచి ఎడమ అద్దంలోకి కాసేపు చూసింది. "కనిపించడానికి అరవై లాగుంది మేడం. కానీ ఎడమ అద్దం కదా, ఇరవై అంటాను" అంది. ఇద్దరం దిగి టేపు పట్టాం. 21 మీటర్లు. "పద అమ్మాయ్, రోడ్డెక్కుదాం" అన్నాను.